శుక్ల నామ సంవత్సరపు ఒక మిల్లు మరణం: పాత పత్రికలు, శవపంచనామా కాగితాల వెంట ఒక కేసు పరిశీలన

నేపథ్యం

కుటుంబ చరిత్రలనూ పాత దస్తావేజులనూ వెదికి పెట్టడం నా వృత్తి. ఈ కేసు గోదావరి జిల్లాల్లోని ఒక కుటుంబానిది. వారి అనుమతితోనే రాస్తున్నాను. వ్యక్తుల పేర్లు, ఊళ్ల పేర్లు, మిల్లు పేరు తొలగించాను. తేదీలను మాత్రం మార్చలేదు, ఎందుకంటే ఈ కేసు మొత్తం తేదీల లెక్క మీదే నడిచింది.

నన్ను సంప్రదించిన యువతికి చనిపోయిన వ్యక్తి ముత్తాత అవుతారు. సొంత ఊరు వదిలి, మరో జిల్లాలోని పట్టణంలో ఒక రైసు మిల్లులో ఇంజను డ్రైవరుగా పనిచేస్తూ, పాతికేళ్లు దాటిన వయసులో మిల్లులోనే ప్రాణం పోగొట్టుకున్నారు. అప్పటికి ఆయన భార్య నిండు గర్భిణి కాకపోయినా కడుపుతో ఉన్నారు. తండ్రి ముఖం చూడకుండా పుట్టిన ఆ కొడుకే ఈ యువతికి తాతగారు. ఆయన కూడా గతించారు. ఆయన కూతురు, అంటే యువతికి మేనత్త, ఎనభై ఏళ్లకు చేరువలో ఉన్నా జ్ఞాపకశక్తి చెక్కుచెదరని మనిషి. కుటుంబంలో మిగిలిన మౌఖిక సాక్ష్యమంతా ఆవిడ దగ్గరే ఉంది.

సమస్య

మరణం ఎలా జరిగిందన్న విషయంలో కుటుంబం రెండుగా చీలి ఉంది. మేనత్తగారి వైపు వాళ్ల నమ్మకం ప్రకారం, జీతం బాకీ అడిగినందుకు యజమాని మనుషులే ఆయన్ని యంత్రంలోకి తోశారు. ఇంకో శాఖవారు, ఆయన తాగి పనిలోకి వెళ్లి ప్రమాదం కొనితెచ్చుకున్నారని చెప్పుకుంటారు. ఏది నిజమో తేల్చి చెప్పమని ఆ యువతి అడిగింది. తేల్చి చెప్పడం నా చేతిలో లేదనీ, ఆనాటి కాగితం ఏమి చెప్పిందో, ఏ మేరకు చెప్పిందో మాత్రం చూపగలననీ పని ఒప్పుకునేటప్పుడే స్పష్టం చేశాను. ఇలాంటి కేసుల్లో ఈ మాట ముందే చెప్పుకోకపోతే చివర్లో ఎంత మంచి ఆధారం దొరికినా ఎవరో ఒకరికి అది అన్యాయంగానే కనిపిస్తుంది.

చేతిలో ఉన్న ఆధారాలు నాలుగు. మొదటిది, ఏటా మాఘ అమావాస్యకు ఆయన తద్దినం పెడతారు. రెండోది, మహాలయ పక్షాల్లో మాత్రం ఆయనకు భాద్రపద బహుళ చతుర్దశి నాడు పెడతారు. మూడోది, తాతగారి జాతక చక్రం, అందులో ప్రమోదూత నామ సంవత్సర ఆషాఢ మాసం అని ఉంది. నాలుగోది, “కంపెనీ వాళ్లు అయిదువందల నలభై రూపాయలిచ్చారు బాబూ, ఆ డబ్బుతోనే మా నాయనమ్మ పొలం కొన్నది” అని మేనత్తగారు చెప్పిన మాట.

సంవత్సరం తేల్చడం

కుటుంబంలోనే ఒకరు అంతకుముందు 1929 ఫిబ్రవరి నాటి పత్రికలు తిరగేసి ఏమీ లేదని వదిలేశారు. ఇంట్లో శుక్ల నామ సంవత్సరం అని చెప్పుకోవడం, పంచాంగాల పట్టికలో శుక్ల ఎదురుగా 1929 అని ఉండడం దానికి కారణం. కానీ తెలుగు సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది కాబట్టి, శుక్ల నామ సంవత్సరపు మాఘమాసం 1930లో పడుతుంది. 1929 ఫిబ్రవరిలో ఉన్నది విభవ నామ సంవత్సరపు మాఘం. పుష్యం సగం నుంచి ఫాల్గుణం దాకా వచ్చే ఏ తిథికైనా ఈ ఒక్క ఏడాది తేడాను ముందే సరిచూసుకోవాలి.

శుక్ల అన్న ఇంటి మాట మీద మాత్రమే ఆధారపడదలచుకోలేదు. దాన్ని జాతక చక్రంతో పోల్చాను. ప్రమోదూత ఆషాఢం 1930 జూన్ చివరి నుంచి జూలై నాలుగో వారం దాకా నడిచింది. నెలలు నిండి పుట్టిన బిడ్డ అనుకుంటే గర్భధారణ 1929 అక్టోబరు ప్రాంతం. తండ్రి మరణం ఆ తర్వాత, బిడ్డ పుట్టకముందు జరగాలి. ఆ గడువులో వచ్చే మాఘమాసం ఒక్కటే ఉంది, అది 1930 జనవరి 30న మొదలై ఫిబ్రవరి 28న అమావాస్యతో ముగిసింది. ఇంటి మాట, జాతకం ఒకదాన్నొకటి బలపరచాయి కాబట్టి సంవత్సరం విషయంలో ఇక వెనక్కి చూడలేదు.

విఫలమైన దారులు

మొదట 1930 ఫిబ్రవరి 28 శుక్రవారాన్నే మరణ దినంగా తీసుకుని, మార్చి మొదటి పక్షం పత్రికలన్నీ చూశాను. ప్రెస్ అకాడమీ వారు స్కాన్ చేయించిన పాత తెలుగు పత్రికలు ఈ పనికి పెద్ద ఆసరా. అయితే అవి పుటల బొమ్మలే. అరసున్నలూ వలపలగిలకలూ లాంటి పాత లిపి గుర్తులు నిండిన ఆ అచ్చును అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఫలితం మీద ఆధారపడలేం. పేరు కొట్టి వెదికితే రాలేదంటే పత్రికలో లేదని అర్థం కాదు, పుట పుటా కళ్లతో చదవాల్సిందే. పైగా మార్చి పత్రికలు దండి యాత్ర వార్తలతో నిండిపోయి, పట్టణాల చిల్లర వార్తలకు చోటు బాగా తగ్గింది. అక్కడ ఏమీ దొరకలేదు.

సొంత ఊరి మరణాల రిజిస్టరులోనూ నమోదు లేదు. ఈ లేకపోవడాన్నే మేనత్తగారి వైపు వాళ్లు హత్యకు రుజువుగా చెప్పుకుంటున్నారు: “రికార్డు మాయం చేశారండీ.” నిజానికి మరణం జరిగిన చోట నమోదు చేస్తారు తప్ప స్వగ్రామంలో కాదు. 1899 నాటి మద్రాసు జనన మరణ నమోదు చట్టం కింద పురపాలక సంఘాలకు ఒక ఏర్పాటు, గ్రామాలకు మరో ఏర్పాటు ఉండేవి. పట్టణంలో పోయిన మనిషి పేరు పట్టణపు పుస్తకంలోనే ఉంటుంది. కానీ ఆ పట్టణం ఏదో కుటుంబంలో ఎవరికీ తెలియదు.

శవపంచనామా కాగితం కోసం చేసిన ప్రయత్నం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఇంగ్లండు, అమెరికా వంశ పరిశోధన పుస్తకాలు చదివినవారు కరోనర్ (అసహజ మరణాలను విచారించే అధికారి) విచారణ ఫైలు కోసం అడుగుతారు. మద్రాసు నగరంలోనే కరోనర్ పదవి 1889లో రద్దయింది, జిల్లాల్లో అది ఎప్పుడూ లేదు. ఇక్కడ అసహజ మరణాన్ని విచారించేది 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174వ సెక్షన్ కింద పోలీసు అధికారి. చుట్టుపక్కల ఉన్న ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది గౌరవనీయుల సమక్షంలో శవాన్ని చూసి, గాయాలు రాసి, పైకి కనిపించే మరణ కారణాన్ని నమోదు చేసి, ఆ నివేదికను జిల్లా లేదా సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు పంపాలి. ఆత్మహత్య, మరొకరు చంపడం, జంతువు, యంత్రం, ప్రమాదం అంటూ సెక్షన్ కారణాలను విడివిడిగా పేర్కొంటుంది. 1973 కోడ్‌లోనూ ఇదే అంకె కొనసాగింది. ఇప్పుడు అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 194వ సెక్షన్. దరఖాస్తు రాసేటప్పుడు పాత సెక్షన్, కొత్త సెక్షన్ రెండూ చూపితే రికార్డు గదిలోని గుమస్తాకు అడిగిందేమిటో అర్థమవుతుంది.

ప్రమాదమని తేలిన పంచనామాలు శాశ్వతంగా ఉంచే కాగితాలు కావు. గడువు తీరాక వాటిని తీసేస్తారు. మనకు కావలసిన కాలానివి ఏవీ లేవనే సమాధానం వచ్చింది, అది ఊహించినదే. అక్కడి నుంచి నా ప్రశ్న మార్చుకున్నాను. పంచనామా కాగితం పోయినా, దాని సారాంశం ఇంకెక్కడ నకలై ఉంటుంది? పత్రికా విలేఖరి దాన్ని విని రాసి ఉండాలి. మరణాల రిజిస్టరులో కారణం గడి దాన్నిబట్టే నిండి ఉండాలి. కంపెనీ డబ్బు ఇచ్చిందంటే ఆ చెల్లింపు కాగితంలో ప్రమాదం ప్రస్తావన ఉండి తీరాలి.

తిథిని మళ్లీ ప్రశ్నించడం

అమావాస్యను నేను మొదటి నుంచీ కొంత అనుమానంగానే చూశాను. మామూలుగా మహాలయ పక్షంలో కూడా చనిపోయిన తిథి నాడే పెడతారు. ఈ ఇంట్లో తద్దినం అమావాస్యకు, మహాలయం చతుర్దశికి పెడుతున్నారు. భాద్రపద బహుళ చతుర్దశి శస్త్రం వల్ల గానీ, ప్రమాదం వల్ల గానీ దుర్మరణం పాలైనవారికి ప్రత్యేకించిన రోజు. కాబట్టి ఆ ఇంటి పురోహితుడు దీన్ని దుర్మరణంగానే లెక్కించారన్నది చతుర్దశి వల్ల తెలుస్తోంది. హత్యా, ప్రమాదమా అన్నది మాత్రం దానివల్ల తెలియదు, రెండింటికీ అదే రోజు.

ఇక అమావాస్య సంగతి. దూరాన చనిపోయినవారి తిథి తెలియకపోతే, నెల తెలిసినప్పుడు ఆ నెల అమావాస్యను తీసుకోవడం ధర్మశాస్త్రం ఒప్పుకున్న పద్ధతి. కబురు అందిన రోజును పట్టుకునే ఆచారమూ ఉంది. మేనత్తగారిని మళ్లీ అడిగాను. “దహనం అక్కడే అయిపోయిందట. మిల్లులో పనిచేసే వాడెవడో ఊరికొచ్చినప్పుడు చెప్పాడు. పదిహేను ఇరవై రోజులైందన్నాడట, రోజు మాత్రం వాడికి గుర్తులేదు” అన్నారు ఆవిడ. అంతకుముందు ఈ మాట ఎవరూ అడగలేదు కాబట్టి ఆవిడా చెప్పలేదు. దీంతో అమావాస్యను మరణ దినంగా కాక, మరణ మాసానికి చివరి హద్దుగా తీసుకున్నాను. వెదకాల్సింది మార్చి పత్రికలు కాదు, ఫిబ్రవరివి.

అయినా పట్టణం తెలియకుండా నెలరోజుల పత్రికలు చదివితే అలాంటి వార్తలు ఎన్నో కనిపిస్తాయి, వాటిలో మనవారెవరో తేల్చుకోలేం. ఆనాటి పత్రికలు కూలి మనుషుల పేర్లు తరచుగా వేసేవి కావు. అందుకే ముందు పట్టణం పేరు దొరకాలని నిర్ణయించుకున్నాను.

దారి చూపిన కాగితం

540 రూపాయల దగ్గర నేను చాలాసేపు ఆగాను. కార్మికుల నష్టపరిహార చట్టం 1923లో వచ్చి, 1924 జూలై 1 నుంచి అమలైంది. మొదటి రూపంలో, వయోజన కార్మికుడు చనిపోతే ముప్పై నెలల జీతం లేదా 2,500 రూపాయలు, రెండింటిలో ఏది తక్కువైతే అది ఇవ్వాలి. 540ని ముప్పైతో భాగిస్తే సరిగ్గా 18 వస్తుంది. నెలకు 18 రూపాయల జీతం అన్నమాట, ఆ కాలపు మిల్లు డ్రైవరుకు నమ్మదగిన అంకె. 1933 సవరణ తర్వాత జీతాల శ్రేణులవారీగా ఒక పట్టిక వచ్చింది, దాని ప్రకారమైతే ఇలాంటి మొత్తం రాదు. తొంభై ఏళ్లుగా నోటి మాటగా వచ్చిన అంకె చట్టపు లెక్కతో ఇంత కచ్చితంగా కలిసిందంటే, అది యజమాని దయతలచి ఇచ్చిన డబ్బు కాదు, ఆ చట్టం కింద పరిహారాలు చూసే కమిషనరు ద్వారా వచ్చిన పరిహారం.

ఆ చట్టంలో ఇంకొక సంగతి ఉంది. పరిహారం స్త్రీకి గానీ మైనరుకు గానీ చెందినప్పుడు, కమిషనరు దాన్ని చేతికి ఇచ్చేయకుండా వారి మేలు కోసం మదుపు పెట్టించవచ్చు. ‘నాయనమ్మ పొలం కొన్నది’ అన్న మాటకు ఇక్కడ అర్థం దొరికింది. వితంతువు, పసిబిడ్డ ఉన్న కేసులో పొలం కొనడం అలాంటి ఏర్పాటే అయి ఉంటే, క్రయ దస్తావేజులో ఆ సొమ్ము ఎక్కడిదో రాసే అవకాశం ఎక్కువ. పంచనామాల్లా కాకుండా, రిజిస్ట్రేషన్ పుస్తకాల్లోని స్థిరాస్తి దస్తావేజులు శాశ్వత రికార్డులు.

ఆన్‌లైన్‌లో ఈసీలు (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రాలు) 1983 నుంచే వస్తాయి కాబట్టి పాత సూచికలను చేత్తో వెదికించాల్సి వచ్చింది. పొలం ఇప్పటికీ కుటుంబం చేతిలోనే ఉండడం వల్ల సర్వే నంబరు తెలుసు, పని అంత కష్టం కాలేదు. 1931 నాటి దస్తావేజు నకలు వచ్చింది. కొన్నవారు వితంతువు, తన తరఫునా, మైనరు కుమారుడికి గార్డియనుగానూ. ప్రతిఫలం గురించి రాసిన పేరాలో, తన భర్త ఫలానా పట్టణంలోని ఫలానా రైసు మిల్లులో ఇంజను డ్రైవరుగా ఉండి, కిందటి సంవత్సరం పనిలో ఉండగా యంత్ర ప్రమాదంలో చనిపోయినందున, నష్టపరిహారపు కమిషనరు ఉత్తరువు ప్రకారం వచ్చిన రు. 540-0-0 నుంచి ఈ సొమ్ము చెల్లిస్తున్నట్లు ఉంది. ఉత్తరువు నంబరు కూడా రాశారు. దస్తావేజు లేఖరి ఎవరో గానీ, ఒక్క పేరాలో మాకు కావలసినదంతా రాసి పెట్టాడు. దాని కోసం పోలీసు, కోర్టు కాగితాల్లో మాత్రమే వెదికి ఉంటే జన్మలో దొరికేది కాదు.

పత్రిక, రిజిస్టరు

పట్టణం పేరు తెలిశాక ఫిబ్రవరి పత్రికలు చదవడం వేరే పనిగా మారింది. ఒక వారపత్రిక ఫిబ్రవరి 22 శనివారం సంచికలో, ఆ పట్టణపు విలేఖరి 17వ తేదీ వేసి పంపిన వార్తల్లో నాలుగైదు పంక్తుల చిన్న ముక్క కనిపించింది. గత మంగళవారం రాత్రి ఒక రైసు మిల్లులో, నడుస్తున్న ఇంజను ఆపకుండానే, జారిపోయిన బెల్టును చక్రం మీదికి ఎక్కించబోయిన డ్రైవరు పైగుడ్డ షాఫ్టుకు చుట్టుకుని తీవ్రంగా గాయపడ్డాడనీ, ఆసుపత్రికి తీసుకెళ్లగా తెల్లవారుజామున చనిపోయాడనీ, పోలీసువారు పంచాయతీ (అంటే శవపంచనామా) జరిపి ప్రమాదవశాన జరిగిన మరణంగా నిర్ణయించారనీ ఉంది. పేరు లేదు. మిల్లు పేరు ఉంది, అది దస్తావేజులోని మిల్లే.

‘గత మంగళవారం’ అన్నది ఏ మంగళవారం? సంచిక తేదీ నుంచి లెక్కపెడితే 18వ తేదీ, విలేఖరి వేసిన తేదీ నుంచి అయితే 11వ తేదీ. 17న రాసిన వార్తలో 18 నాటి సంగతి ఉండదు కాబట్టి 11వ తేదీ రాత్రే. దినపత్రికల్లో ఈ తేడా ఒకటి రెండు రోజులే ఉంటుంది, వారపత్రికల్లో మాత్రం వారం రోజులు పక్కకు పోతుంది.

తర్వాత పురపాలక సంఘం మరణాల రిజిస్టరులో 1930 ఫిబ్రవరి 12 నాటి నమోదు దొరికింది. గాయాల వల్ల కలిగిన మరణం అని ఉంది. పేరు ఉంది, ఇంటిపేరు లేదు. వృత్తి కూలి అని రాశారు. వయసు కుటుంబం చెప్పే దానికంటే మూడేళ్లు ఎక్కువ. ఒక్కో కాగితంలో ఒక్కో లోటు ఉంది: దస్తావేజులో మనిషి పేరు, మిల్లు పేరు ఉన్నాయి, రోజు లేదు. పత్రికలో మిల్లు, రోజు, ప్రమాదం జరిగిన తీరు ఉన్నాయి, పేరు లేదు. రిజిస్టరులో పేరు, రోజు ఉన్నాయి, మిల్లు లేదు. ఏ రెండింటిని కలిపినా మూడోదానితో విరుద్ధం రాలేదు. వయసు తేడాను నేను పట్టించుకోలేదు. ఆసుపత్రిలోనో మిల్లులోనో ఎవరో ఉజ్జాయింపుగా చెప్పిన వయసు అది, తేడా లేకుండా ఉంటేనే ఆశ్చర్యపోవాలి.

ఫిబ్రవరి 12 అంటే మాఘ పౌర్ణమికి ముందురోజు. అమావాస్యకు పదహారు రోజుల దూరం. కబురు తెచ్చినవాడు చెప్పిన ‘పదిహేను ఇరవై రోజులు’ లెక్కకు సరిపోతుంది. అమావాస్య నాడే కబురు అందిందో, రోజు తెలియక పురోహితుడు అమావాస్యను నిర్ణయించారో తెలియకపోయినా, ఆ తిథి ఎలా వచ్చిందన్న ప్రశ్నకు ఈ రెండింటిలో ఏదైనా సరిపోతుంది.

ఈ కాగితాలు ఎంతవరకు చెబుతాయి

నివేదిక రాసేటప్పుడు ఎక్కువ ఆలోచించింది ఈ భాగం గురించే. తాగి ఉన్నారన్న కథను కాగితాలు బలపరచవు. ఆనాటి చట్టం ప్రకారం మత్తులో ఉండడం గానీ, భద్రతా ఏర్పాటును కావాలని తొలగించడం గానీ నేరుగా ప్రమాదానికి కారణమైతే యజమాని పరిహారం ఇవ్వనక్కర్లేదు. పూర్తి ముప్పై నెలల జీతం చెల్లించారంటే, ఆ వాదన రాలేదు లేదా నిలవలేదు. ఇంజను ఆపకుండా బెల్టు ఎక్కించడం ఆయన ఒక్కడి దుడుకుతనమని కూడా నేను అనుకోను. ఊకతో మంట పెట్టే ఆవిరి ఇంజను మీద, ఒకే షాఫ్టు నుంచి ధాన్యం పొట్టు తీసే హల్లర్లన్నీ తిరిగే మిల్లులో, ఇంజను ఆపితే మొత్తం పని ఆగుతుంది. ఆపవద్దనే ఒత్తిడి ఎవరి మీద ఉండేదో చెప్పనక్కర్లేదు. ఇది నా అభిప్రాయం, కాగితంలో ఉన్న మాట కాదు. నివేదికలోనూ ఆ తేడా చూపించే రాశాను.

తోసేశారన్న కథ విషయంలో మరింత జాగ్రత్త అవసరమైంది. పంచనామా చెప్పేది పైకి కనిపించే కారణం. బాధ్యత ఎవరిదో తేల్చడం దాని పని కాదు. పంచులుగా కూర్చున్న గౌరవనీయులు మిల్లు యజమానికి పరిచయస్తులే అయి ఉండవచ్చు, చిన్న పట్టణాల్లో అది మామూలే. అయితే గాయపడ్డ మనిషి కొన్ని గంటలు బతికి ఆసుపత్రి చేరారు. ఆయన ఎవరి పేరైనా చెప్పి ఉంటే కేసు 174 దగ్గర ఆగదు. ఆ దిశగా ఒక్క ఆనవాలు కూడా దొరకలేదు. కాబట్టి నివేదికలో ‘హత్య అనడానికి ఆధారం లేదు, ప్రమాదమని మూడు స్వతంత్ర కాగితాలు చెబుతున్నాయి’ అని రాయబోయి, ‘స్వతంత్ర’ అన్న మాట తీసేశాను. మూడింటికీ మూలం ఆ ఒక్క పంచనామాయే కావచ్చు. పత్రిక దాన్ని విని రాసింది, రిజిస్టరు దాన్ని చూసి నింపారు, కమిషనరు దాన్నే ఆధారం చేసుకుని ఉంటారు. మనిషి ఎవరు, ఎప్పుడు పోయారు అన్నదానికి అవి మూడు సాక్ష్యాలు. ఎలా పోయారు అన్నదానికి మాత్రం ఒకే సాక్ష్యం మూడు చోట్ల వినిపిస్తోంది.

మేనత్తగారికి ఈ తేడాను నిదానంగా వివరించాను. పత్రికలోని ముక్కను చదివించుకుని, “అయితే తాగలేదన్నమాట” అన్నారు. తోసిన సంగతి గురించి ఆవిడ ఇంకేమీ అడగలేదు, నేనూ ఎత్తలేదు. తద్దినం తిథి మార్చాలా అన్న ప్రశ్నను వారి పురోహితుడికే వదిలిపెట్టమన్నాను. అది పరిశోధకుడు జోక్యం చేసుకోవాల్సిన విషయం కాదు.

మిగిలిన పని

ఇంకా చూడాల్సినవి రెండున్నాయి. మొదటిది ఆసుపత్రి పోస్టుమార్టం రిజిస్టరు, అది ఉంటే పంచనామాతో సంబంధం లేకుండా గాయాల తీరు చెప్పగల ఏకైక కాగితం అదే. రెండోది కమిషనరు కేసు ఫైలు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు ప్రభుత్వ కాగితాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి కాబట్టి, దస్తావేజులో రాసి ఉన్న ఉత్తరువు నంబరు, సంవత్సరం చూపుతూ అక్కడ వెదికించడానికి దరఖాస్తు తయారు చేసి కుటుంబానికి ఇచ్చాను. ఆ ఫైలు దొరికితే యజమాని రాసిచ్చిన వాంగ్మూలం అందులో ఉండవచ్చు. మిల్లు పేరుతో ఇప్పటికీ వారసులు ఉన్నందున, దొరికినా దాన్ని బయట ఎక్కడా ప్రచురించబోమని కుటుంబం తరఫున ఆ యువతి రాసిచ్చింది.